కయాక్ గాలపు వేటలో సజీవ చేప కొలత: ఛాయాచిత్రం తీసే వేళ పాటించవలసిన శాస్త్రీయ జాగ్రత్తలు

సారాంశం

కయాక్ పడవపై సాగే గాలపు వేట పోటీలలో పట్టిన చేపను తూకం వేయరు. కొలత పలకపై ఉంచి, ఛాయాచిత్రం తీసి, వెంటనే నీటిలోకి విడిచిపెడతారు. చేప ప్రాణంతో తిరిగి వెళ్లాలన్నదే ఈ విధానం ఉద్దేశం. అయితే ఛాయాచిత్రం కొరకు చేపను నీటి వెలుపల ఉంచే సమయమే దాని మనుగడకు ప్రధానమైన అవరోధం కాగలదు. గాలిలో చేప శరీరంలో కలిగే మార్పులు, జిగురు పొరకు, దవడకు కలిగే గాయాలు, పడవపై పాటించవలసిన పని క్రమం, ఛాయాచిత్రంలో దొర్లే కొలత దోషాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి. చెరువులలో నమూనా చేపలను కొలిచే విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు ఈ అంశాలు ఏ విధంగా వర్తిస్తాయో కూడా చర్చించడమైనది.

ముఖ్య పదాలు: కయాక్ వేట, పట్టి విడుచుట, గాలికి గురియగుట, కొలత పలక, ఆలస్య మరణం, నమూనా సేకరణ

పరిచయం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో బాస్ జాతి చేపల కొరకు జరిగే గాలపు వేట పోటీలకు విశేష ప్రాచుర్యం ఉంది. తొలి రోజులలో పోటీలో పట్టిన చేపలు తిరిగి నీటిని చేరేవి కావు. రే స్కాట్ స్థాపించిన బాస్ యాంగ్లర్స్ స్పోర్ట్స్‌మన్ సొసైటీ 1972లో తన పోటీలలో చేపలను ప్రాణంతో విడిచిపెట్టే విధానాన్ని ప్రవేశపెట్టింది. మోటారు పడవలలో నీటి తొట్టె ఉంటుంది. అందులో చేపలను రోజంతా ఉంచి, సాయంత్రం ఒడ్డున తూకం వేసి, ఆ తరువాత విడుదల చేస్తారు.

కయాక్ ఒక్క మనిషి కూర్చుని తెడ్డుతోనో, కాలి తొక్కుడుతోనో నడిపే సన్నని పడవ. దానిలో ఐదు పెద్ద చేపలను బ్రతికించి ఉంచగల తొట్టెకు స్థలం ఉండదు. ఈ కారణంగా కయాక్ పోటీలలో ‘పట్టుట, చిత్రించుట, విడుచుట’ అనే పద్ధతి స్థిరపడింది. పైన పేర్కొన్న సొసైటీ కూడా 2020లో కయాక్ పోటీల శ్రేణిని ఈ పద్ధతిలోనే ప్రారంభించింది. చేపను పట్టిన చోటనే విడుదల చేయడం, రోజంతా తొట్టెలో బంధించకపోవడం ఈ పద్ధతిలోని మేలు. చేపను పట్టినవాడే కొలిచేవాడు, చిత్రకారుడు, సంరక్షకుడు కూడా కావలసి రావడం ఇందులోని చిక్కు.

కొలత విధానం

ఒక చివర నిలువు అడ్డు, అడుగున అంగుళాల గుర్తులు ఉన్న పలకను కొలతకు వాడతారు. చేప మూతిని మూసి అడ్డుకు ఆనించి, పక్కకు పడుకోబెట్టి, తోక రెక్క చివర వరకు మొత్తం పొడవును చదువుతారు. సాధారణంగా కొలతను పావు అంగుళం వరకు, అనగా సుమారు 6.4 మి.మీ. వరకు లెక్కిస్తారు. చాలా పోటీలలో అత్యంత పొడవైన ఐదు చేపల పొడవుల మొత్తమే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. పాత చిత్రాలను వాడకుండా, పోటీకి కొద్ది ముందుగా ఇచ్చే గుర్తింపు సంకేతం కూడా చిత్రంలో కనబడాలి. మూతి తెరచి ఉన్నా, తోక కనబడకున్నా, అంకెలు చేతి కింద మరుగుపడినా న్యాయనిర్ణేతలు ఆ చేప కొలతను తగ్గించవచ్చు, లేదా పూర్తిగా తిరస్కరించవచ్చు.

ఒక్క చిత్రంలో ఇన్ని నిబంధనలు నెరవేరాలి. చేప మాత్రం ఎగిరి పడుతూ ఉంటుంది. చిత్రం తీయకముందే అది నీటిలోకి జారిపోతే ఆ పట్టుకు విలువ ఉండదు. ఈ భయంతోనే వేటగాడు చేపను గట్టిగా అదుముతాడు, పలకపై మళ్లీ మళ్లీ సర్దుతాడు, మూడు నాలుగు చిత్రాలు తీస్తాడు. చేపకు జరిగే హానిలో అధిక భాగం ఈ తడబాటులోనే కలుగుతుంది.

గాలిలో చేప శరీరంలో కలిగే మార్పులు

మొప్పల రేకులు అతి పలుచనివి. వాటిని విడివిడిగా నిలిపి ఉంచేది నీరే. చేపను గాలిలోకి ఎత్తగానే ఆ రేకులు వాలిపోయి ఒకదానికొకటి అంటుకుంటాయి. ఫలితంగా వాయు వినిమయం జరిగే ఉపరితలం చాలావరకు తగ్గిపోతుంది. చుట్టూ గాలిలో ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నప్పటికీ చేప దానిని గ్రహించలేదు. రక్తంలోని కార్బన్ డై ఆక్సైడ్ సైతం బయటకు పోలేక పేరుకుంటుంది.

గాలానికి చిక్కిన చేప అప్పటికే పెనుగులాటలో అలసి ఉంటుంది. తీవ్రమైన శ్రమలో తెల్ల కండరాలు ఆక్సిజన్ లేకుండా శక్తిని ఉత్పత్తి చేస్తాయి. దానివలన లాక్టిక్ ఆమ్లం చేరుతుంది, రక్తపు ఆమ్లత్వం పెరుగుతుంది. పరుగు పందెం ముగించినవాడు రొప్పుతున్నట్లే, ఈ దశలో చేపకు సాధారణ స్థితి కంటే ఎక్కువ ఆక్సిజన్ అవసరం. సరిగ్గా ఆ సమయంలోనే దానిని గాలిలోకి ఎత్తడం జరుగుతుంది.

ఈ రెండు ఒత్తిళ్లు కలిసినప్పటి ఫలితాన్ని ఫెర్గూసన్, టఫ్ట్స్ అనే శాస్త్రవేత్తలు 1992లో ప్రచురించిన ప్రయోగం స్పష్టం చేసింది. పూర్తిగా అలసిపోయేంత వరకు తరిమిన రెయిన్‌బో ట్రౌట్ చేపలలో, గాలికి గురిచేయనివి 12 శాతం మరణించాయి. 30 సెకన్లు గాలిలో ఉంచినవి 38 శాతం, 60 సెకన్లు ఉంచినవి 72 శాతం మరణించాయి. ఇది కఠినమైన పరిస్థితులలో, చల్లని నీటి జాతిపై ప్రయోగశాలలో జరిగిన పరిశీలన. ఈ శాతాలను ఇతర జాతులకు, సహజ జలాలలోని వేటకు యథాతథంగా అన్వయించరాదు. బాస్ వంటి జాతులు ఇంతకంటే ఎక్కువ తట్టుకుంటాయి. అయినను అలసిన చేప విషయంలో అదనపు సెకన్లు కూడా లెక్కలోకి వస్తాయన్న సూత్రం దీనివలన తెలుస్తుంది. ఈ అంశంపై వెలువడిన పరిశోధనలను 2015లో సమీక్షించిన కుక్, తదితరులు గాలిలో ఉంచే సమయాన్ని 10 సెకన్ల లోపు పరిమితం చేయడం మేలని సూచించారు.

నీటి ఉష్ణోగ్రత ఈ ప్రమాదాన్ని పెంచుతుంది. సముద్ర మట్టం వద్ద 20 డిగ్రీల సెల్సియస్ మంచినీటిలో లీటరుకు సుమారు 9.1 మి.గ్రా. ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద అది సుమారు 7.6 మి.గ్రా.కు తగ్గుతుంది. వేడి నీటిలో చేప అవసరం పెరుగుతుంది, లభ్యత తగ్గుతుంది. అందుచేత వేసవి మధ్యాహ్నం పట్టిన చేపకు, శీతాకాలపు ఉదయం పట్టిన చేపకు ఒకే విధమైన వెసులుబాటు ఉండదు.

జిగురు పొర, దవడ, వెన్నెముక

చేప ఒంటిపై ఉండే జిగురు పొర సూక్ష్మజీవుల నుండి రక్షణ కల్పిస్తుంది, శరీర ద్రవాల సమతుల్యతకు తోడ్పడుతుంది. పొడి చేతులు, పొడి గుడ్డ, ఎండకు కాగిన పలక ఈ పొరను తుడిచివేస్తాయి. ఊడిన పొలుసుల చోట బూజు తెగుళ్లు, బాక్టీరియా ప్రవేశిస్తాయి. చేప విడుదల వేళ చురుకుగా ఈదుకుంటూ వెళ్లినా, దాని ప్రభావం రోజుల తరువాత నీటి అడుగున బయటపడుతుంది. ఈ ఆలస్య మరణం చిత్రంలో కనబడదు, పోటీ లెక్కలలోకి రాదు.

చేతివల ఎంపిక కూడా ముఖ్యమైనది. బ్లూగిల్ చేపలపై జరిపి 2003లో ప్రచురించిన పరిశోధనలో ముడులున్న వలల వలన రెక్కలకు, జిగురు పొరకు గాయాలు అధికంగా కలిగాయి. రబ్బరు వలల వలన అవి తక్కువగా ఉన్నాయి. వలతో ఎత్తిన చేపలలో వల రకాన్ని బట్టి 4 నుండి 14 శాతం వరకు మరణాలు నమోదు కాగా, వల వాడనివాటిలో మరణాలు లేవు.

దవడను పట్టి చేపను నిలువుగా వేలాడదీయడం మరొక దురలవాటు. నీటిలో చేప శరీర బరువును నీరే మోస్తుంది. గాలిలో వేలాడదీసినప్పుడు ఆ బరువంతా దవడ కీళ్లపై, నాలుక అడుగు భాగంపై, వెన్నెముకపై పడుతుంది. దవడను బిగించే పట్టు పరికరాలను ఆంధ్ర తీరంలో పండుగప్పగా పిలిచే బారముండి చేపపై పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. నోటి మెత్తని పొరలు చిరగడం, ఎక్స్‌రే చిత్రాలలో వెన్నుపూసల అమరిక మారడం ఆ పరిశీలనలో కనబడింది. పెద్ద చేపను ఎల్లప్పుడు అడ్డంగా, రెండు చేతుల ఆధారంతో ఎత్తడమే సరైన పద్ధతి.

కయాక్‌పై పని క్రమం

కయాక్‌కు ఒక సహజమైన అనుకూలత ఉంది. ఆసనం నీటి మట్టానికి అతి సమీపంలో ఉంటుంది. వేటగాడు చేయి చాస్తే నీరు అందుతుంది. కనుక చిత్రం తీసే క్షణం తప్ప మిగిలిన సమయమంతా చేపను నీటిలోనే ఉంచవచ్చు. ఆ సౌలభ్యాన్ని వినియోగించుకోవడానికి కింది క్రమం ఉపకరిస్తుంది.

1. వేటకు ముందు: గుర్తింపు కార్డును మణికట్టుకు లేదా పలకకు బిగించాలి. ఫోనుకు, పలకకు తాడు కట్టాలి. పట్టకారు కుడిచేతికి అందే చోట ఉండాలి. గాలపు ముల్లు కొక్కేన్ని నొక్కివేస్తే దానిని ఊడదీయడం సులభమవుతుంది.

2. చేప చిక్కినప్పుడు: చేప పరిమాణానికి తగిన బలమైన దారం, కర్ర వాడి పెనుగులాటను త్వరగా ముగించాలి. పలుచని దారంతో చేపను అలసిపోయేంత వరకు ఆడించడం నైపుణ్యం కాదు.

3. వలలోకి తీసుకున్నప్పుడు: రబ్బరు వలను పడవ పక్కన నీటిలోనే ఉంచి, దాని పిడిని తొడ కింద అదిమి పట్టాలి. చేప తల నీటిలో మునిగి ఉండాలి. గాలాన్ని నీటిలోనే ఊడదీయాలి. గాలం గొంతులోకి దిగితే దానిని పెకలించడం కంటే దారాన్ని దగ్గరగా కత్తిరించడం మేలని అనేక పరిశీలనలు తెలుపుతున్నాయి. మూడు ముళ్ల గాలం ఉన్న చేపను ఒడిలోకి తీసుకోవడం వేటగాడి చేతికి కూడా ప్రమాదమే.

4. సిద్ధత: చేప వలలో తేరుకుంటుండగా పలకను నీటితో తడిపి చల్లబరచి, ఒడిలో సమంగా ఉంచాలి. ఫోను కెమెరాను తెరచి, అంకెలు స్పష్టంగా కనబడుతున్నవో లేదో ఖాళీ పలకపై చూసుకోవాలి. నీడ, ఎండ మెరుపు ఈ దశలోనే సరిచేసుకోవాలి.

5. ఎత్తుట: చేతులు తడిపి, ఒక చేతిని ఛాతీ రెక్కల కింద, మరొక చేతిని తోక మొదట ఉంచి చేపను అడ్డంగా ఎత్తాలి. మొప్పల మూతలోకి వేళ్లు పోనీయరాదు. మూతిని అడ్డుకు ఆనించి, తడి అరచేతితో కంటిని కప్పితే చాలా చేపలు శాంతిస్తాయి.

6. చిత్రం: ఒకటి లేదా రెండు చిత్రాలు మాత్రమే తీయాలి. చేపను ఎత్తిన క్షణం నుండి అంకెలు లెక్కించాలి. పదికి చేరేసరికి పని ముగియకపోతే చేపను తిరిగి వలలోకి దించి, కొంత విరామం తరువాత మళ్లీ ప్రయత్నించాలి. ఒకే విడతలో అర నిమిషం గాలిలో ఉంచడం కంటే మధ్యలో విరామం ఇవ్వడం మేలు.

చేప కొరకు పక్కకు వంగినప్పుడు పడవ బోల్తాపడే అవకాశం ఉంది. లైఫ్ జాకెట్ ధరించడం, గాలి వీచే వేళ లంగరు వేసుకోవడం తప్పనిసరి. పడవ కొట్టుకుపోతుంటే వేటగాడి ధ్యాస తెడ్డుపైకి మళ్లుతుంది. ఆ జాప్యాన్ని చేప భరించవలసి వస్తుంది.

ఛాయాచిత్రంలో దొర్లే కొలత దోషాలు

చేప బరువు సుమారుగా దాని పొడవు ఘనానికి అనుపాతంగా పెరుగుతుంది. అందువలన పొడవులో చిన్న దోషం బరువు అంచనాలో సుమారు మూడు రెట్లవుతుంది. 40 సెం.మీ. చేపను 41 సెం.మీ.గా చదివితే పొడవులో దోషం 2.5 శాతమే. కానీ బరువు అంచనాలో అది సుమారు 7.7 శాతం.

కెమెరా ఉన్న స్థానం వలన కలిగే దోషం దీనికంటే పెద్దది కావచ్చు. పలకకు 50 సెం.మీ. ఎత్తున, చేప తలకు నేరుగా పైన కెమెరా ఉన్నదనుకొనవచ్చు. 40 సెం.మీ. దూరంలో ఉన్న తోక కొన పలకను తాకక 2 సెం.మీ. పైకి లేచి ఉంటే, చిత్రంలో అది 41.7 సెం.మీ. గుర్తు వద్ద ఉన్నట్లు కనబడుతుంది. ఆ మేరకు బరువు అంచనా సుమారు 13 శాతం అధికమవుతుంది. తోకను పలకకు ఆనించడం, కెమెరాను తోక కొనకు నేరుగా పైన ఉంచడం ఈ దోషానికి సరళమైన పరిష్కారం. మూతి అడ్డుకు తాకి ఉన్నదన్న విషయం మాత్రం అదే చిత్రంలో స్పష్టంగా కనబడాలి.

మొత్తం పొడవు, తోక చీలిక వరకు పొడవు వేర్వేరు కొలతలు. తోక రెక్కను వేళ్లతో దగ్గరకు నొక్కినప్పుడు మొత్తం పొడవు కొంత పెరుగుతుంది. ఏ పద్ధతిని ఎంచుకున్నా ఆరంభం నుండి చివర వరకు దానినే పాటించి, నమోదులో పేర్కొనడం అవసరం.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉంది. చేప ఎంత ప్రశాంతంగా ఉంటే మూతి అంత సక్రమంగా అడ్డుకు ఆనుతుంది, తోక అంత సమంగా పరుచుకుంటుంది. తడి పలక, నీటిలో ఇచ్చిన విరామం, కంటిపై తడి చేయి చేపకు ఎంత మేలు చేస్తాయో కొలతకు కూడా అంతే మేలు చేస్తాయి. ఖచ్చితత్వానికి, సంరక్షణకు మధ్య ఉన్నదనుకునే వైరుధ్యం చాలావరకు సిద్ధత లోపించినప్పుడే తలెత్తుతుంది.

విడుదల, జీవశక్తి పరీక్ష

విడుదలకు ముందు చేప స్థితిని పరికరాలు లేకుండానే అంచనా వేయవచ్చు. నీటిలో తోకను పట్టినప్పుడు విదిలించుకొనుట, వెల్లకిల తిప్పితే తిరిగి నిటారుగా నిలుచుట, శరీరాన్ని పక్కకు తిప్పినప్పుడు కన్ను సమతలాన్ని అనుసరించి కదులుట, మొప్పల మూతలు క్రమంగా కొట్టుకొనుట అనే ప్రతిచర్యలను పరిశోధకులు వాడుతున్నారు. వీటిలో లోపించిన ప్రతిచర్యల సంఖ్య పెరిగేకొద్దీ మరణించే అవకాశం పెరుగుతుందని వివిధ జాతులపై జరిగిన పరిశీలనలు చూపాయి.

చేప నిటారుగా నిలవలేకపోతే దానిని స్వచ్ఛమైన నీటిలో, తల ప్రవాహానికి ఎదురుగా ఉండేటట్లు వలలో ఉంచాలి. ముందుకు వెనుకకు బలంగా ఊపరాదు. వెనుకకు లాగినప్పుడు నీరు మొప్పలలో సహజ దిశకు విరుద్ధంగా పోతుంది. చేప తనంతట తాను తోక కొట్టి వెళ్లడమే సరైన విడుదల. దానిని నీటిలోకి విసరడం ఎట్టి పరిస్థితులలోను తగదు.

చెరువు నమూనా సేకరణకు అన్వయం

గాలపు వేట నమోదులు వినోదానికే పరిమితం కావు. కావేరి నదిలోని మూపురపు మహసీర్ స్థితిని అంచనా వేయడానికి గాలపు వేటగాళ్ల పట్టు వివరాలను పరిశోధకులు వినియోగించుకున్నారు. ఆ జాతి 2018లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో తీవ్ర వినాశ ప్రమాదంలో ఉన్నదిగా చేరింది. అంత అరుదైన జాతి విషయంలో కొలత కొరకు ఒక్క చేప నష్టపోయినా అది సామాన్యమైన నష్టం కాదు.

కృష్ణా, ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల చెరువులలో శీలావతి, బొచ్చె చేపల పెరుగుదలను తెలుసుకొనుటకు నమూనా వల వేయడం పరిపాటి. అక్కడ కూడా చేప వలలో పెనుగులాడి అలసిన తరువాతనే కొలతకు వస్తుంది. చేపలను గట్టుపై కుప్పగా పోయడం, కొద్ది నీరున్న బకెట్టులో కిక్కిరిసి ఉంచడం కయాక్‌పై అర నిమిషపు జాప్యం కంటే హానికరం. చెరువులోనే కట్టిన హాపాలో చేపలను ఉంచి, ఒక్కొక్కటిగా తడి పలకపైకి తీసి, చిత్రించి, వెంటనే విడిచే క్రమాన్ని ఇక్కడ సులభంగా అనుసరించవచ్చు. ఒకరు చేపను పట్టుట, ఒకరు చిత్రించుట, ఒకరు నమోదు చేయుట అనే విభజన కయాక్‌పై సాధ్యం కాని సౌకర్యం. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అతి తక్కువగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండ తీవ్రత ఎక్కువ. కనుక సూర్యోదయం తరువాత ఆక్సిజన్ కొంత పెరిగిన చల్లని వేళ ఈ పనికి అనుకూలం.

కొర్రమీను వంటి గాలిని పీల్చగల జాతులకు గాలిలో ఉండటం వలన అంత హాని కలగదు. అయితే వాటి జిగురు పొరకు, పొలుసులకు కలిగే గాయం విషయంలో మినహాయింపు లేదు.

మేత పరిమాణాన్ని చేపల మొత్తం బరువులో శాతంగా నిర్ణయిస్తారు. పైన వివరించిన కెమెరా దోషం వలన బరువు 13 శాతం అధికంగా అంచనా వేస్తే మేత కూడా అంత మేరకు అధికమవుతుంది. ఆ మిగులు మేత ఖర్చును పెంచడమే కాక నీటి నాణ్యతను దెబ్బతీస్తుంది.

ప్రయోగాలు చేసే విద్యార్థులకు మరొక హెచ్చరిక అవసరం. ఒక మేత పరీక్షలో ఒక తొట్టెలోని చేపలను తొందరగా, మరొక తొట్టెలోని చేపలను నిదానంగా కొలిస్తే, ఆ తరువాతి రోజులలో కలిగే మరణాలు, మేత తినకపోవడం చేపలను పట్టిన తీరు ఫలితమో, మేత ఫలితమో చెప్పడం సాధ్యం కాదు. అన్ని చికిత్సలలో గాలిలో ఉంచే సమయం ఒకే విధంగా ఉండాలి. ఆ సమయాన్ని సెకన్లలో నమోదు చేయాలి. కొలత తరువాత కనీసం రెండు మూడు రోజులు మరణాలను ప్రత్యేకంగా గమనించి నివేదికలో వేరుగా చూపాలి. లేనిచో కొలిచేవారి చేతి దోషం మేతకు అంటగట్టబడుతుంది.

ముగింపు

సజీవ చేప కొలతలో ఛాయాచిత్రం మంచి సాధనం. అది తూకపు కాటాను, తొట్టెను, ఒడ్డుకు చేసే ప్రయాణాన్ని అనవసరం చేసింది. అయితే చిత్రంలో చేప నిగనిగలాడుతూ కనబడినంత మాత్రాన అది బ్రతికినట్లు నిర్ధారణ కాదు. పరికరాలన్నీ సిద్ధమైన తరువాతనే చేపను ఎత్తడం, తడి చేతులతో అడ్డంగా పట్టడం, పది సెకన్లలో పని ముగించడం, ముగియకపోతే చేపను తిరిగి నీటిలోకి దించడం అనే నాలుగు నియమాలు కయాక్ వేటగాడికి, చెరువు గట్టున నిలిచిన శాస్త్రవేత్తకు సమానంగా వర్తిస్తాయి. విస్తరణ సిబ్బంది రైతులకు నమూనా వల పద్ధతిని చూపేటప్పుడు కొలత పలకతో పాటు గడియారాన్ని కూడా వెంట ఉంచుకొనుట ఆచరణకు మంచి ఆరంభం కాగలదు.